మారు అన్నం

మొన్న ఆదివారం ఎల్‌బీ నగర్‌లో మా అమ్మాయి ఇంట్లో అందరం భోజనానికి కూర్చున్నప్పుడు, పదో తరగతి చదువుతున్న నా మనవరాలు కోడికూరతో ఒక విడత తినేసి, ఎవరి మొహమూ చూడకుండా గిన్నె తనవైపు లాక్కుని మళ్ళీ అన్నం పెట్టుకుంది. జరిగింది అంతే. ఇందులో చెప్పుకోవడానికి ఏముంది అని ఇప్పటి పిల్లలు అనుకుంటారు గానీ నా ఈడు ఆడవాళ్ళు అనుకోరు. అరవై దాటినదాన్ని, పైగా సొంత మనవరాలు, పైగా అన్నం దగ్గర, అయినా ఆ పిల్లను చూస్తే నాకు కడుపు మండిపోయింది. నా జన్మలో ఏనాడూ నలుగురిలో కూర్చుని అలా మారు వడ్డించుకుని ఎరుగను.

మాది నల్లగొండ వైపు పల్లె. నాయన లారీ నడపడానికి పట్నం వచ్చాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో మేమూ చిన్నాన్న వాళ్ళూ కిరాయికి ఉండేవాళ్ళం. ఇప్పుడు మెట్రో స్తంభాలు నిలబడ్డ ఆ రోడ్డును నేనూ, నాకంటే ఆర్నెల్లు చిన్నదైన చిన్నాన్న కూతురూ చేతులు పట్టుకుని నిదానంగా నడిచి దాటేవాళ్ళం అంటే ఎవరూ నమ్మరు. అమ్మ ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని చుట్టుపక్కల వాళ్ళకు బట్టలు కుట్టేది. బతుకమ్మ పండక్కి మా ఇద్దరికీ ఒకే తానులోంచి లంగా జాకెట్టు కుట్టడం మా ఇంటి ఆనవాయితీ. అక్కాచెల్లెళ్ళు ఒక్కతీరుగా కనబడాలని పెద్దవాళ్ళ ముచ్చట. ముచ్చట వాళ్ళది, తిప్పలు నావి. వేర్వేరు బట్టలు కట్టిన ఇద్దరిని ఎవరూ పోల్చి చూడరు గానీ, ఒకే గుడ్డ కట్టుకుని పక్కపక్కన నిలబడితే చూసేవాళ్ళకు ఇంకేం పని ఉంటుంది? ఆమె సన్నగా, పొడుగ్గా ఉండేది. నేను బొద్దుగా, బుగ్గలతో, నడుం ఎక్కడుందో వెతుక్కోవలసినట్టు ఉండేదాన్ని. ఊరి నుంచి వచ్చిన మేనత్తలు ఒకరికొకరు సైగలు చేసుకుని, దీనికి జర తక్కువ పెట్టు వదినా, అని నా కంచం వైపే చూసేవాళ్ళు.

అప్పటి నుంచి నేను నలుగురిలో పిడికెడు తిని లేచిపోవడం నేర్చుకున్నాను. అందరూ నడుం వాల్చాక వంటింట్లో తలుపుకు వీపు పెట్టి, నిలబడే, చల్లారిన అన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకుని గబగబా మింగేదాన్ని. ఆకలి తీరేది గానీ తిన్నట్టు ఉండేది కాదు. చెల్లెలేమో హాయిగా అరుగు మీద కూర్చుని, చిన్నమ్మ మళ్ళీ మళ్ళీ వేస్తుంటే తినేది. ఆమెను చూస్తే నాకు ఎంత కుళ్ళంటే, ఒకసారి ఆమెకు టైఫాయిడ్ వచ్చి మంచాన పడి పుల్లలా అయిపోతే, జాలి పడాల్సింది పోయి, ఆ జ్వరం నాకు రాకపోయెనే అని ఏడ్చాను.

అమ్మ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. పెరిగే పిల్లల బట్టలన్నిటికీ కుట్ల లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలిపెట్టేది. బిగుతైన రోజున అడగకుండానే కుట్టు విప్పి వదులు చేసి ఇచ్చేది. అదే ఆమె ప్రేమ అని నాకప్పుడు తెలియలేదు. విప్పిన చోట పాత కుట్టు గీత, దాని పక్కన వెలిసిపోని ముదురు రంగు కనబడేవి కదా, దాన్ని చూసి లోకమంతా నవ్వుతుందని ఆమె మీదే అలిగేదాన్ని.

ఇక నేను చేసిన పని చెప్పాలి. ఇన్నేళ్ళూ ఎవరితోనూ పూర్తిగా చెప్పుకోలేదు.

మా ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి, ఒక ఏడాది అటూ ఇటూగా ఆడపిల్లలు పుట్టారు. చెల్లెలి కూతురు వాళ్ళమ్మలాగే సన్నం. నా కూతురు నాలాగే. అమ్మకు కళ్ళు మసకబారాక ఆ మిషను నాకొచ్చింది, దాంతోపాటు ఒకే తానులో ఇద్దరికీ కుట్టే ఆనవాయితీ కూడా వచ్చింది. నా కూతురు ఇంటర్‌లో ఉండగా, ఆ ఏడు బతుకమ్మకు ఇద్దరి బట్టలూ నేను ఒకే కొలతకు కోశాను. ఆ కొలత చెల్లెలి కూతురిది. లోపల వేలెడు గుడ్డ కూడా వదల్లేదు. పండక్కి ఇంకా నెల ఉంది, అప్పటికి ఇందులో పట్టాలి అని కూతురి చేతిలో పెట్టాను. ఎంత తెలివిగా చేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

పిల్ల ఆ రోజు నుంచే తిండి తగ్గించింది. పొద్దున ఉత్త చాయ్, మధ్యాహ్నం కోచింగ్‌లో నీళ్ళు, సాయంత్రం సగం జొన్నరొట్టె. అడిగినా ఇంకింత పెట్టలేదు నేను. సద్దుల బతుకమ్మ సాయంత్రం జాకెట్టు హుక్కులు పట్టాయి. అందరూ అబ్బా, ఎంత చక్కగా అయిందీ అన్నారు. ఇద్దరు పిల్లలూ ఒక్కతీరుగా చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నేను చూసింది నా కూతుర్ని కాదు, చెల్లెలి మొహాన్ని. ఆమె ఒక్కసారైనా నన్ను చూసి కుళ్ళుకోవాలని, నలభై ఏళ్ళు వచ్చినదాన్ని, కళ్ళు ఆర్పకుండా చూస్తూ ఉన్నాను. అందుకే పిల్ల పడిపోవడం నేను చూడలేదు. నైవేద్యానికి మలీద ముద్దలూ నువ్వుల సద్దులూ పెట్టిన పళ్ళేల పక్కన పడింది. నా కంటే ముందు పిల్లను ఎత్తుకున్నది చెల్లెలే.

దవాఖానలో డాక్టరమ్మ, అన్నం ఎప్పుడు తిన్నవమ్మా అని అడిగితే, నా కూతురు నా మొహం వైపు చూసింది. ఏం చెప్పమంటావ్ అన్నట్టు. గ్లూకోజు ఎక్కించడానికి జాకెట్టు చెయ్యి కత్తిరించాల్సి వచ్చింది. ఆ ముక్కను మా వెంట వచ్చిన మా అమ్మ చేతిలోకి తీసుకుని, సరిగ్గా కనబడక కుట్టు మీద వేళ్ళతో తడిమి, “ఇంత గుడ్డ గూడ ఇడ్వలేదేందే?” అంది.

పిల్ల కోలుకుంది, చదివింది, ఉద్యోగం చేసింది, పెళ్ళయింది. కానీ ఆ పండగ తర్వాత నా ఎదురుగా ఎప్పుడూ మారు వడ్డించుకోలేదు. వద్దని నేను అనను, పెట్టుకో బిడ్డా అని బతిమాలతాను, సాలమ్మా అంటుంది. ఒక్కసారి నా కళ్ళ ముందు కడుపు నిండా తింటే చూసి పోవాలని నా కోరిక.

నిరుడు మనవరాలు కూడా రాత్రి అన్నం మానేసింది. స్కూల్ ఫంక్షన్ ఫోటోలు చూసి ఎవరో ఏదో అన్నారట, ఫోన్‌లో పొట్ట తగ్గించే వీడియోలు చూడడం మొదలుపెట్టింది. నా కూతురు అరుస్తుందేమో, లేకపోతే డైటింగ్ చార్టు ఏదైనా తెస్తుందేమో అనుకున్నాను. ఏదీ చెయ్యలేదు. బరువు తూచే మిషన్‌ను పాత ఇనుప సామాన్ల అతనికి ఇచ్చేసింది. పట్టని బట్టలు బీరువాలోంచి తీసేసి, పట్టేవి కొనుక్కొచ్చింది. ఎంత పనున్నా రాత్రి అందరం కలిసి కూర్చునే తినాలంది. “పెరిగే వయసు బిడ్డా, ఆకలైతది. ఆకలైతే తినాలె, నిండితే ఆపాలె, గంతే,” అని మామూలుగా చెప్పి వదిలేసింది. నన్ను పక్కకు పిలిచి, “అమ్మా, దాని ఒళ్ళు గురించి ఈ ఇంట్ల ఎవ్వరు మాట్లాడొద్దు. నువ్వు గూడ,” అంది. నెలలు పట్టింది. పిల్ల ఒకరోజు తిని, రెండు రోజులు కెలికి, మెల్లగా దారికొచ్చింది.

ఆ నెలలంతా నేను కుళ్ళుకుంటూనే ఉన్నాను. అలాంటి తల్లి దొరికినందుకు మనవరాలి మీద, అలాంటి తల్లి కాగలిగినందుకు నా కూతురి మీద. నా దగ్గర నేర్చుకోనిది ఇదంతా ఎక్కడ నేర్చుకుందని మనసులో దెప్పుకున్నాను. ఏం చెయ్యకూడదో మాత్రం నా దగ్గరే నేర్చుకుంది, ఆ సంగతి నాకు తెలుసు.

మొన్న ఆదివారం మనవరాలు తను పెట్టుకున్నాక గిన్నెను తల్లి వైపు జరిపి, “నువ్వు గూడ ఏస్కో మమ్మీ, పొద్దుటి నుంచి ఏం తినలే,” అంది. నా కూతురి చెయ్యి గరిటె దాకా వెళ్ళి, నేను చూస్తున్నానని గమనించి ఆగింది. నలభై దాటిన మనిషి, నలుగురికి చెప్పగలిగిన మనిషి. నేను లేచి, బట్టలు ఆరాయో లేదో చూస్తానని బాల్కనీలోకి వచ్చేశాను. వెనకాల గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు వినిపించింది.

మా కాలంలో ఆడపిల్ల ఆకలి అందరికీ కనబడకుండా దాచుకోవలసిన వస్తువు. ఇప్పుడు నా మనవరాలు దాన్ని గొంతెత్తి చెబుతుంది, అది చూసి సంతోషించాలని తెలుసు, సంతోషం పక్కనే కడుపుమంట కూడా కూర్చుని ఉంది. ఆ ఇంట్లో అంతా మారింది, నా కూతురి మీద నా చూపు చేసిన పని ఒక్కటే మారలేదు. బట్టలు ఎప్పుడో ఎండిపోయాయి. లోపల ఆమె చేతులు కడుక్కున్న చప్పుడు వినిపించేదాకా నేను అటు తిరిగే నిలబడ్డాను.