మా బాబాయి క్లోమం

మా బాబాయికి రాని జబ్బు లేదు; ఉన్న జబ్బు మాత్రం ఒక్కటీ లేదు. మెడలో టేపు వేసుకుని పొద్దస్తమానం బట్టలు కుడుతూ, పూటకో అవయవం మీద బెంగ పెట్టుకోవడం ఆయన అలవాటు. గుమ్మంలో ఆయన తల కనిపిస్తే చాలు, "ఇవాళ ఏ పార్టండీ?" అని అడిగేవారు డాక్టరుగారు.

ఒంటరిగా మాత్రం ఆస్పత్రి గడప తొక్కడు. ఎవరో ఒకరు తోడు రావాలి. చిత్రమేమిటంటే, పరీక్షలయ్యాక బాబాయికి ఏమీ ఉండదు, తోడెళ్లినవాళ్లకి ఏదో ఒకటి బయటపడుతుంది. గుండెదడని వెళ్తే పక్కవాటా డ్రాయింగు మాస్టారికి బీపీ తేలింది. కళ్లు మసకలని వెళ్తే మా నాన్నకి శుక్లం కనిపించింది. "వాడితో వెళ్లకండి, జబ్బు అంటిస్తాడు" అని నాన్న వీధంతా చాటింపు వేశాడు.

కరోనా మా పిన్నినీ బాబాయినీ ఒకేసారి మంచాన పడేసింది. బాబాయి లేచిన రోజే మిషను ఎక్కాడు. పిన్ని మాత్రం తేరుకోలేదు. చెంబుడు నీళ్లు గటగటా తాగి, చెంబు కింద పెట్టకముందే మళ్లీ దాహం అనేది. మనిషి చిక్కి సగమైంది.

"ఒక్కసారి డాక్టరుకి చూపించుకో పిన్నీ" అన్నాను.

"జ్వరం పడి లేచిన ఒళ్లు. చిక్కక లావెక్కుతుందా? నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

సరిగ్గా అప్పుడే బాబాయికి క్లోమం దొరికింది. కరోనా ఊపిరితిత్తులతో సరిపెట్టుకోదనీ, కొందరిలో క్లోమాన్ని కూడా పలకరించి పోతుందనీ ఎక్కడో విన్నాడట. ఇక చూసుకోండి.

"అసలదెక్కడుంటుందో తెలుసురా నీకు?" అన్నాడు నాన్న.

"జీర్ణాశయం వెనకాల అడ్డంగా పడుకుని ఉంటుంది అన్నయ్యా. ఒకపక్క తిన్నది అరగడానికి రసం పంపాలి, ఇంకోపక్క ఒంట్లో చక్కెర అదుపు తప్పకుండా ఇన్సులిన్ తయారుచెయ్యాలి. ఇంత చాకిరీ చేస్తుంటే, ఎలా ఉన్నావని దాన్ని ఒక్కడైనా అడిగాడా?"

ఆ లోటు తీర్చడానికి ఆయనే అడగడం మొదలుపెట్టాడు. కొలతలకి వచ్చినవాళ్ల నడుం చుట్టూ టేపు తిప్పుతూ, "క్లోమం కులాసానా?" అనేవాడు. సూటు కుట్టించుకున్న బ్యాంకాయన ప్యాంటు రెండు చేతులతో పట్టుకుని తిరిగొచ్చాడు.

"ఇంత వదులేంటండీ?"

"రేపు క్లోమం వాస్తే చోటుండొద్దూ? ముందుచూపుతో వదిలాను."

"నా క్లోమం బాగానే ఉందండీ."

"అందరూ అలాగే అంటారు."

ఒకరోజు పొద్దున బాబాయి పొట్ట పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. నొప్పి వీపులోకి పోతోందన్నాడు. క్లోమం వాస్తే నొప్పి అలాగే ఉంటుందని ముందురోజే మాకు పాఠం చెప్పాడు గనక నేను నవ్వాను. పిన్ని నవ్వలేదు. దువ్వుకోని జుట్టుతోనే వీధిలోకి పరిగెత్తి బండి పిలిచింది.

డాక్టరుగారు బాబాయి మొహం ఒకసారి, పిన్ని మొహం ఒకసారి చూసి, ఇద్దరికీ రక్తపరీక్ష రాశారు. పిన్ని నాకెందుకంది. బాబాయి చెయ్యి చాపినట్టే చాపి లాక్కున్నాడు.

"ముందు దానికి తియ్యండి. నొప్పెడుతుందో లేదో చూసి నేనిస్తాను."

"సిగ్గు లేకపోతే సరి" అంటూ పిన్ని చెయ్యి చాపింది.

బాబాయి క్లోమం నిక్షేపంలా ఉంది. పిన్ని రక్తంలో చక్కెర ఆకాశాన్నంటింది.

"కరోనా తర్వాత కొందరిలో ఇలా చూస్తున్నాం" అన్నారు డాక్టరుగారు. "వైరస్ క్లోమాన్ని దెబ్బతీసిందో, లోపల ముందునుంచీ ఉన్నదే బయటపడిందో ఇప్పుడే చెప్పలేను. ఇలాగే వదిలేస్తే ప్రాణం మీదికొచ్చేదమ్మా. సమయానికి వచ్చారు."

"నేనొచ్చింది ఈయన కోసమండీ" అంది పిన్ని, ఇంకా నమ్మకం కుదరక. ఇంటికొచ్చేదాకా దారిపొడుగునా జబ్బు అంటించారని తిట్టింది.

మందులు పడి పిన్నికి దాహం తగ్గింది, బుగ్గలు నిండాయి. అప్పుడొకరోజు మేడమీద బాబాయి కొట్టుకి వెళ్లాను. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా స్టూలు మీద కూర్చుని, మెల్లిగా అడిగాను.

"నిజం చెప్పు బాబాయ్. ఆ రోజు నీకు నొప్పి వచ్చిందా?"

ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తలేదు.

"మీ పిన్ని జాకెట్లు కుట్టేది నేనే కదా అమ్మలూ. బిగించినకొద్దీ వదులైపోతున్నాయి. భయమేసింది. తనకోసం రమ్మంటే అది గుమ్మం దాటదు. నాకేదో అయిందంటే మాత్రం చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోతుంది."

"అయితే మాస్టారూ, నాన్నా..."

"ఆయనకి డాక్టరంటే దడ, మీ నాన్నకి పౌరుషం. మొహమ్మీద చెప్తే వస్తారా?"

నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. వెళ్లొస్తానని లేస్తుంటే, బాబాయి సూది పక్కన పెట్టి ఛాతీ రుద్దుకున్నాడు.

"అమ్మలూ, ఈమధ్య మెట్లెక్కితే నాకు ఆయాసంగా ఉంటోంది. రేపు కాస్త తోడొస్తావా?"

"పొద్దున్నే వెళ్దాం బాబాయ్" అన్నాను.