ఏ మొఖం ఈ పొద్దు?

మునిలక్ష్మి ఆంటీ దగ్గర టిఫిన్ దొరకాలంటే చేతిలో ప్లేటు ఉంటే చాలదు, ముఖం కూడా చెప్పాలి. మడివాళ మార్కెట్టు వెనక సందులో ఆమె నడిపే ఆడపిల్లల పీజీ హాస్టల్లో అదే చట్టం. పొద్దున్నే వంటింటి గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటుంది. ఒక చేతిలో అట్లకాడ, ఇంకో చేతిలో ఫోను. ఫోనులో ఐదు గుండ్రటి పసుపు ముఖాలు. పళ్ళన్నీ కనబడేలా నవ్వేది ఒకటి, చిన్నగా నవ్వేది ఒకటి, మూతి గీతలా ఉన్నది, మూతి కిందికి వంగినది, చివర కన్నీళ్ళు కారేది.

"ఏ మొఖం ఈ పొద్దు?" అంటుంది. వేలు పెట్టాలి. పెట్టాకే దోసె.

అది మనసు బాగోగులు చూసుకునే యాప్. లోకంలో జనం ఎవరి ఫోనులో వాళ్ళు దాన్ని పెట్టుకుని, తమ మనసెలా ఉందో తామే చెప్పుకుని, అది చెప్పినట్టు కాసేపు ఊపిరి పీల్చి వదులుతారు. ఆంటీకి ఆ పద్ధతి నచ్చలేదు. వీధి కుళాయిలాగా పదిమందీ వాడుకోవలసిన వస్తువని ఆమె నమ్మకం. పీజీ పిల్లలు, పాలవాడు, కరెంటు మీటరు చూసేవాడు, ఇల్లు తెలియక తలుపు కొట్టిన కొరియరు మనిషి, అందరి ముఖాలూ ఆమె ఒక్క ఫోనులోకే పోయేవి.

గ్యాసు తెచ్చే దేవరాజ్ అయితే భుజం మీది సిలిండరు దించకముందే ఫోను అతని ముక్కు కిందికి వచ్చేది.

"దించనీ అక్కా, నడుము విరగతా ఉండాది."

"నడుము సంగతి అది అడగలేదప్పా. మనసు సంగతి అడగతా ఉండాది."

"సిలిండరు మోసేవానికి మనసు యాడుంటాది అక్కా."

"ఉంటాది. రవ్వంత సేపు ఊపిరి పట్టు, తెలుస్తాది."

దేవరాజ్ సిలిండరుతో సహా ఊపిరి పట్టి, ఎర్రబడిన మొహంతో ఎక్కడో ఒకచోట వేలు పెట్టేవాడు. ఆ భంగిమలో వేలు ఎప్పుడూ ఏడుపు ముఖం మీదే పడేది. వెంటనే అతనికి పెద్ద గ్లాసు నిండా మజ్జిగ వచ్చేది. సందులో మిగతా ఇళ్ళకు గ్యాసు ఆలస్యమైనా ఈ ఇంటికి మాత్రం అడగకముందే వచ్చేది, సిలిండరు అక్కర్లేని రోజు కూడా దేవరాజ్ వచ్చేవాడు.

ఎందుకంటే ఆంటీ వడ్డన ముఖాన్ని బట్టి. నవ్వు ముఖానికి మామూలు దోసె. గీత మూతికి కారప్పొడి. వంగిన మూతికి నెయ్యి. ఏడుపు ముఖానికి నెయ్యితో పాటు రెండో దోసె, అదీ అంచులు ఎర్రగా కాల్చింది. ఈ లెక్కను అందరికంటే ముందు కనిపెట్టింది కావ్య. కుందలహళ్ళిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది, బుర్ర చురుకు.

"ఏమ్మే కావ్యా, నిన్నా ఏడుపే, మొన్నా ఏడుపే. ఏమైంది నీకి?"

"వర్క్ ప్రెషర్ ఆంటీ. ఫుల్ డెడ్‌లైన్స్."

"దోసె పోయకుండా ఉప్పిట్టు చేసిన దినం మాత్రం ప్రెషరు ఉండదే?"

"ఆ రోజు వర్క్ ఫ్రమ్ హోమ్ ఆంటీ."

ఆంటీ మొగుడు వెంకటేశప్ప మూల కుర్చీలో పేపరు చదువుకుంటూ ఉంటాడు. ఫోను దగ్గరికి వస్తే తల ఎత్తకుండానే వేలు చాచి గీత మూతి మీద పెట్టేవాడు.

"పెండ్లయిన దినం నుంచీ ఈయప్పది ఇదే మొఖం."

"మారిస్తే నువ్వు గుర్తుపట్టవు కదే," అనేవాడాయన పేజీ తిప్పుతూ.

ఈ వరసలో అందరికంటే చివర నిలబడేది వరూధిని. ఒంగోలు దగ్గర పల్లె. ఇంటర్ మధ్యలో ఆగిపోయి, మడివాళలో ఒక పెద్ద బట్టల షాపు గోడౌనులో చీరలు మడతపెట్టే పనికి వచ్చింది. ఆ పని ఆమెకు ప్రాణం. చీరలు ఏమీ అడగవు. కొత్త మనిషి పలకరిస్తే చాలు ఆమె గొంతులో ఏదో తలుపు మూసుకుపోయేది. అందుకే ఆంటీ ఫోను చాచగానే చిన్న నవ్వు మీద వేలు పెట్టి, ప్లేటు పట్టుకుని మెట్ల మీదికి పోయి కూర్చునేది. చిన్న నవ్వుకు నెయ్యి రాదు, కానీ ప్రశ్నలు కూడా రావు. అక్కడి నుంచి ఈ పొద్దుటి తంతు చూడటం ఆమెకు మహా సరదా. ఆంటీకి కాస్త తిక్క ఉందని, ఆ తిక్క లేకపోతే ఈ ఊళ్ళో తనకు నవ్వొచ్చే సమయమే లేదని అనుకునేది.

ఇంతలో షాపు గోడౌనును సర్జాపురకు మార్చేస్తున్నామన్నారు. అక్కడ మడతలకు మనుషులు అక్కర్లేదు. వరూధిని ఉండాలంటే ముందు హాల్లో మైకు పట్టుకోవాలి. ఈ కన్నడ ఊరి నుంచి సాయంత్రం సొంతూరి బస్సులెక్కే తెలుగువాళ్ళు బస్సు టైముకు ముందు షాపులో దూరతారు. వాళ్ళకు ఏ అంతస్తులో ఏముందో తెలుగులో చెప్పాలి.

"శనివారం చెప్పి చూడు. వస్తే ఉండు, రాకపోతే నేనేం చేసేది," అన్నాడు మేనేజరు. మంచివాడే, కానీ తొందర మనిషి.

ముందుగా ఒకసారి మైకు చేతికిచ్చారు. వరూధిని నోరు తెరిచింది. హాలంతా ఆమె ఊపిరి మాత్రమే వినిపించింది. ఏసీ చెడిపోయిందేమోనని ఒక పెద్దాయన పైకి చూశాడు.

శుక్రవారం పొద్దున ఆంటీ ఫోను చాచింది. ఎందుకో వరూధిని వేలు ఆ రోజు చిన్న నవ్వు దాకా పోలేకపోయింది. కన్నీళ్ళ ముఖం మీద ఆగింది.

లోకంలో అందరినీ అన్నీ అడిగే ఆంటీ ఏమైందని మాత్రం అడగలేదు. రెండు దోసెలు వేసింది. నెయ్యి పోస్తూ, ఎటో చూస్తూ, "యాడ?" అంది.

"షాపులో."

"ఎప్పుడు?"

"రేపు సాయంత్రం ఆంటీ. మైకులో మాట్లాడాలంట. రాకపోతే ఊరికి పోవాలి."

"సరే, తిను. ఆరిపోతా ఉండాది."

మెట్ల మీద కూర్చున్నాక గానీ వరూధినికి తట్టలేదు, ఈ ఊరొచ్చాక తన బాధ ఒకరికి చెప్పటం అదే మొదటిసారి అని.

శనివారం పొద్దున వరస ఇంకా సగంలో ఉండగా ఆంటీ ఫోను మోగింది. ఎన్నో ముఖాలు మింగిన ఆ యాప్ చివరికి బెదిరిపోయి, మా సలహాదారుతో మాట్లాడతారా అని ముందు రోజు అడిగిందట. ఇంటికొచ్చిన మనిషిని వద్దంటే బాగుండదని ఆంటీ అవును అని నొక్కేసింది. ఆమె ఎప్పుడు ఫోనెత్తినా స్పీకరు మీదే.

"నమస్తే మేడం, నా పేరు కిరణ్మయి. మీ మనసు గురించి మాట్లాడదామని చేశాను. మీరు ఇబ్బంది పడకుండా చెప్పొచ్చు."

"చెప్పమ్మా, కాఫీ అయిందా?"

"అయింది మేడం. మీరు నిన్న పొద్దున చాలా సంతోషంగా ఉన్నారు. కాసేపటికే ఏడ్చారు. వెంటనే మళ్ళీ సంతోషం. ఆ తర్వాత వరసగా ఏడుపు."

"ఆ ఏడుపు గ్యాసుదమ్మా."

"గ్యాస్ట్రిక్ సమస్య ఉందా మేడం?"

"సమస్య లేదు, దేవరాజు. సిలిండరు మోసుకోని వస్తాడు. దానికి ముందుది కావ్యది. అది దొంగేడుపు, నెయ్యి కోసరం."

వరసలో కావ్య ప్లేటుతో మొహం కప్పుకుంది. అవతల టకటకా ఏదో టైపు చేసిన చప్పుడు.

"మేడం, మీతో ఇంకెవరైనా మాట్లాడుతున్నట్టు అనిపిస్తుందా?"

"అనిపించేది ఏంది, ఒగటే గలాటా. పైన ఇంకొక అంతస్తు కూడా ఉండాది."

ఆ పిల్లకు మొత్తం సంగతి అర్థమయ్యేసరికి ఒక వాయి దోసెలు మాడిపోయాయి. యాప్ ఒక్కొక్కరికి ఒక్కటి ఉండాలని, ఇలా ఊరందరినీ ఒకరి లెక్కలో వేస్తే అది తికమకపడుతుందని ఓపిగ్గా చెప్పింది. ఆంటీ ఫోను పట్టుకుని వంటింట్లోకి పోయి గొంతు తగ్గించింది. ఆమె తగ్గించిన గొంతు మామూలు మనుషుల మామూలు గొంతు. చట్నీ కోసం గుమ్మం దాకా వచ్చిన వరూధిని అక్కడే ఆగిపోయింది.

"అసలు సంగతి అది కాదమ్మా. మా ఇంట్లో ఒగ బిడ్డ ఉండాది. వచ్చిన కొత్తలో మిద్దె మీద బట్టలు ఆరేస్తా కండ్లు తుడుచుకుంటా ఉన్నింది. ఏమ్మా అంటే ఏమీ లేదాంటీ అనింది. నోరు తెరవలేని బిడ్డ వేలన్నా పెడతాదేమోనని కావ్యతో చెప్పి దీన్ని వేయించుకుంటిని."

"మరి అందరినీ ఎందుకు అడిగారు మేడం?"

"దాన్ని ఒక్కదాన్నే అడిగితే బెదురుకుంటాది కదమ్మా. అందరినీ అడిగితే దాని వంతూ వస్తాది. ఇన్నాళ్ళకి నిన్న పెట్టింది, నిజమైన మొఖం."

"మరి గ్యాసతను?"

"వాడు వరస మధ్యలో వస్తాడమ్మా. వాన్ని ఇడిసిపెడితే బేజారు చేసుకుంటాడు."

కిరణ్మయి నవ్వు స్పీకరులో వినిపించింది. తర్వాత మెల్లగా చెప్పింది. "ఆ అమ్మాయిని మాట్లాడు మాట్లాడు అని తొందరపెట్టకండి. తెలిసినవాళ్ళు ఎదురుగా ఉంటే కొంచెం తేలిక అవుతుంది. అంతే చాలు."

వరూధిని చట్నీ వేసుకోకుండానే వెనక్కి వచ్చేసింది. ఉత్త దోసె తింది. చాలా బాగుందనిపించింది.

సాయంత్రం షాపులో మైకు ఆమె చేతికొచ్చింది. కాగితం మీద రాసిచ్చిన మాటలు కళ్ళ ముందు ఈదుతున్నాయి. గొంతులో తలుపు మామూలుగానే మూసుకుపోయింది. తలెత్తి చూస్తే పట్టుచీరల కౌంటరు ముందు పీజీ అంతా దిగి ఉంది. వెంకటేశప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని, పేపరు మాత్రం వదలకుండా కూర్చున్నాడు. కావ్య ఏ చీర విప్పినా ఇంకోటి చూపించమంటోంది. దేవరాజ్ బండి బయట నిలిపి యూనిఫారంతోనే వచ్చి, భుజం మీద చీర వేసుకుని అద్దంలో చూసుకుంటున్నాడు.

ఆంటీ ఆ కౌంటరు ముందే స్టూలు మీద కూర్చుని, అటు పోతున్న మేనేజరును పట్టుకుంది. ఫోను ఆయన ముక్కు కిందికి వెళ్ళింది.

"ఏ మొఖం ఈ పొద్దు?"

ఈ మధ్య పెద్ద షాపుల్లో సేవ ఎలా ఉందని కొనేవాళ్ళను ఇలాంటి ముఖాలతోనే అడుగుతారు. ఎవరో పైనుంచి తనిఖీకి వచ్చారనుకున్నాడు పాపం. కంగారుగా సర్దుకుని, పళ్ళన్నీ కనబడే ముఖాన్ని తనే గట్టిగా నొక్కాడు. చాలదేమోనని ఇంకోసారి నొక్కాడు.

"ఇంత నవ్వు నీ మొఖంలో కనపడలేదే," అంది ఆంటీ. "ఊపిరి పట్టు చూద్దాం."

మేనేజరు బుగ్గలు పొంగించి ఊపిరి పట్టాడు.

వరూధినికి నవ్వొచ్చేసింది. అది మైకులోకి పోయింది. అంతస్తులన్నిటా ఒక ఆడపిల్ల పకపకా నవ్వటం వినిపించి జనం తలలు తిప్పారు. నవ్విన గొంతు మళ్ళీ మూసుకోవటం మరచిపోయింది.

"నవ్వాగలేదండీ, క్షమించండి. ఊరి బస్సుకు ఇంకా టైముంది కదా, కంగారు పడకండి. పిల్లల బట్టలు మొదటి అంతస్తులో ఉన్నాయి. అమ్మకు చీర కొనాలంటే ఇక్కడే, ఇదిగో, మా ఆంటీ కూర్చున్న కౌంటరు దగ్గర. ఆవిడ జరగమంటే జరుగుతారు."

"జరిగేది లేదు," అని అక్కణ్ణుంచి కేక వినిపించింది. జనం నవ్వుతూ ఆ కౌంటరు చుట్టూ మూగారు.

మేనేజరు ఊపిరి వదిలి, వరూధిని దగ్గరికి వచ్చాడు. "రాసిచ్చింది అది కాదు కదా."

"కాదు సార్."

"సోమవారం కూడా ఇదే చెప్పు. నవ్వుతో సహా."

మర్నాడు పొద్దున కిరణ్మయి మాట ప్రకారం కావ్య అందరి ఫోనుల్లో ఎవరి యాప్ వాళ్ళకు వేసిపెట్టింది. అయినా వరస తప్పలేదు, ఎవరి ఫోనులో వాళ్ళు నొక్కి ఆంటీకి చూపిస్తున్నారు. వరూధిని వంతు వచ్చింది. అలవాటుగా ఆంటీ ఫోనులోనే పెద్ద నవ్వు మీద వేలు పెట్టి, పక్కకు పోకుండా అక్కడే నిలబడింది.

"మీది ఏ ముఖం ఆంటీ?"

ఆంటీ అట్లకాడ గాలిలో ఆగిపోయింది. "నాదా? నేను వడ్డించేదాన్ని కదమ్మా, నాకి మొఖం యాడిది?"

వెంకటేశప్ప మొట్టమొదటిసారి పేపరు మడిచి పక్కన పెట్టాడు. లేచి వచ్చి, ఆమె చేతిలోని ఫోనులో పళ్ళన్నీ కనబడే ముఖాన్ని నొక్కాడు. "ఇది. నేను చూస్తానే ఉండాను కదా, దినామూ."

ఆంటీ సిగ్గుతో అటు తిరిగి దోసె తిరగేసింది. రోజూ అందరివీ కలిసి హడావిడిగా ఉండే ఆ ఫోనులో ఆ పొద్దున ఉన్నవి రెండే ముఖాలు, రెండూ నవ్వులే. అది టింగుమని మోగింది. కావ్య తొంగి చూసి చదివింది. "ఈ రోజు మీ మనసు నిలకడగా, ప్రశాంతంగా ఉంది."

ఆంటీ గిరుక్కున తిరిగింది.

"ఇదెట్లా చెప్తాది? దేవరాజు ఇంకా రానే లేదే."