శుభలేఖల వెనక గీసిన సినిమా

సినిమా తీయకముందే దాన్ని కాగితం మీద మొదటి నుంచి చివరిదాకా చూసుకోవాలన్న పిచ్చి నాకు తొంభైల చివర్లో పట్టింది. అప్పుడు సూర్యాపేటలో ఒక వీడియో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. పెళ్లి క్యాసెట్లకు పేర్లు వేయడం, పెళ్లికొడుకు మొహాన్ని తామరపువ్వులోంచి పైకి లేపడం, పెళ్లికూతుర్ని గుండెకాయ బొమ్మలో ఇరికించడం, ఇదీ నా కళాసేవ. మా దగ్గర తయారైన క్యాసెట్లలో ఏ పెళ్లి ఎవరిదో వాళ్లకే తెలియాలి. అన్నీ ఒకే తీరు.

నేను తీయాలనుకున్నది మా అక్క కాళ్ల గురించి. పది నిమిషాల సినిమా, అంతకంటే పెద్దది కాదు.

అక్క మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం తయారుచేసే ఒక బాయిల్డ్ మిల్లులో కూలి. ఉడికిన వడ్లను సిమెంటు కల్లం మీద పోస్తే, ఆడవాళ్లు వరుసగా నిలబడి పాదాలు లాగుతూ వాటిలో నడుస్తారు. నాగలి దున్నినట్టు వెనక చాళ్లు పడతాయి, వడ్లు తిరగబడి ఆరతాయి. చెప్పులేసుకోకూడదు. వడ్లంటే లక్ష్మి, లక్ష్మిని చెప్పుకాలితో తొక్కుతారా అని అందరికీ భయం, అందరికంటే ఎక్కువ మిల్లు యజమాని సేటుకు. ఆ సేటు మాత్రం బూట్లతో గట్టు మీద నిలబడేవాడు. ఒకరోజు లోడు కోసం లారీ ఆగి ఉంది, తొందర. ఉడికిన వడ్ల ట్యాంకు కింద తలుపు తీసేముందు కేకేయాలి. ఆపరేటరు కేకేయలేదు. పొగలు కక్కే వడ్లు, వాటితోపాటు వేడినీళ్లు అక్క పాదాల మీద పడ్డాయి. పెద్ద దవాఖానలో చాలా రోజులుంది. తిరిగి వెళితే సేటు అన్న మాట ఇది: "నిలవడనీకె రానిదానికి పనేమిస్తం? కాలు సూసుకోని నడవాలె గద." తప్పు కాలుదన్నమాట.

కేసు పెట్టే శక్తి లేదు, కొట్టే ధైర్యం లేదు. సినిమా తీయడం ఒక్కటే చేతనవుతుందనుకున్నాను. ఆ పాదాలను నలుగురూ చూస్తే, ఇది ఎవరి తప్పో సేటు నోటితో చెప్పనక్కరలేదు.

కెమెరా మా స్టూడియో ఓనరుది. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. పెళ్లిళ్ల రోజుల్లో ఆ కెమెరా ఆయన పక్కలో పడుకునేది. మూఢం వచ్చినప్పుడే దానికి సెలవు. "మూఢంల ఒక్క రోజు ఇస్త తమ్మీ. పొద్దున తీస్కపో, పొద్దుమూకేలోపు తేవాలె," అన్నాడు. ఒక్క రోజులో పది నిమిషాల సినిమా తీయాలంటే అక్కడికెళ్లి ఆలోచించే తీరిక ఉండదు. ఏ షాటు ఎక్కణ్ణించి, ఎంతసేపు, ముందు ఏది వెనక ఏది, అన్నీ తేలిపోయి ఉండాలి. పెద్ద పెద్ద డైరెక్టర్లు షాట్లను ముందే బొమ్మలుగా గీసుకుంటారని ఒక పాత ఇంగ్లీషు పత్రికలో చూశాను. దాన్ని స్టోరీబోర్డు అంటారట.

స్టూడియోలో మిగిలిపోయిన శుభలేఖలు కట్టలుగా ఉండేవి. వాటి వెనకవైపు తెల్లగా, మందంగా, గీతకు అనువుగా ఉంటుంది. ఒక్కో లేఖ వెనక ఒక్కో షాటు గీశాను. కల్లం పక్కన విడిచిన చెప్పుల వరుస. పై నుంచి కనపడే చాళ్లు. ట్యాంకు తలుపు మీద ఆపరేటరు చెయ్యి. అక్క పాదాలు, కాలకముందు. అక్క పాదాలు, కాలిన తర్వాత. ముందువైపు లక్ష్మీగణపతి, వెనకవైపు ఇదీ కథ.

అక్కను ఎదురుగా కూర్చోబెట్టి ఆ పాదాలు గీస్తుంటే ఆమె సిగ్గుపడి చీరకుచ్చిళ్లు కిందికి లాక్కునేది. "నా కాళ్లల్ల ఏమున్నదిరా సూడనీకె? ఎవడన్న జడుసుకుంటడు," అనేది.

"జడుసుకోవాలనే తీస్తున్న," అన్నాను.

అక్క తప్పదన్నట్టు కాలు ముందుకు పెట్టింది.

కార్డులతో నా ఆత్రం తీరలేదు. కోదాడలో ఒకతను హైదరాబాదులో త్రీడీ కోర్సు చేసొచ్చి కంప్యూటర్ సెంటర్ పెట్టాడని విన్నాను. సెట్టును, కెమెరాను కంప్యూటర్లోనే పెట్టి షాటు ఎలా ఉంటుందో ముందే చూడొచ్చట. కార్డులు పట్టుకుని బస్సెక్కాను. మా స్టూడియో అన్న నవ్వాడు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ముందు తియ్యరాదూ!"

కోదాడ కుర్రాడు మర్యాదస్తుడు. కార్డులన్నీ బల్ల మీద పరిచి చూశాడు. "బాగా గీశారండీ. మీ మిల్లు కొలతలు చెప్పండి, కట్టేద్దాం," అన్నాడు. కల్లం ఒక బూడిదరంగు పలక అయింది, ట్యాంకు ఒక డబ్బా అయింది. కెమెరాను మిల్లు మేడ మీద పెట్టి చూపించాడు. నేను అంత గొప్పగా గీసుకున్న పై షాటులో మనుషులు చీమల్లా ఉన్నారు, పాదాలు మచ్చుకైనా లేవు. మౌసుతో కెమెరాను కిందికి దించి, నేల మీద పెట్టించాను. ట్యాంకు మీదికి ఒరిగి, మనిషి మీద పడబోతున్నట్టు కనిపించింది. ఇదీ షాటంటే అనుకున్నాను. శుభలేఖ మీద దొరకనిది అక్కడ దొరికింది.

"ఆమె నడవాలి కదండీ, ఈ బొమ్మను పెడతాను," అని ఒక ఆడమనిషిని తెచ్చి నిలబెట్టాడు. ఆ బొమ్మకు మోకాళ్ల కింద రెండు గొట్టాలున్నాయి, అంతే.

"పాదాలేవి?" అన్నాను.

"ఈ మోడల్‌కి ఉండవండీ. పాదాలెవరు చూస్తారు?" అన్నాడు. అతని తప్పేం లేదు. లోకమంతా అనే మాటే అతనూ అన్నాడు. ఆ షాటు తయారవడానికి బటన్ నొక్కి, టీ తాగి, టిఫిన్ తిని, కరెంటు పోతే మళ్లీ మొదలుపెట్టి, చివరకు పాదాల్లేని ఆడమనిషి పలక మీద తేలుతూ వెళ్లడం చూసి ఇంటికొచ్చాను. అయినా ఆ రోజంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు.

మూఢం వచ్చింది. మిల్లులో తీయాలంటే సేటు ఒప్పుకోవాలి. మా స్టూడియో అన్న వేరే మిల్లులో తీయమని సలహా ఇచ్చాడు. నేను వినలేదు, ఆ ట్యాంకే కావాలన్నాను. వడ్లారబోసే దృశ్యాలు తీసుకుంటామని నోటిమాటగా చెప్పి, పని కానిచ్చుకుని రావాలన్నది నా ఆలోచన. కానీ నాతో వచ్చిన మా అన్నకు పెళ్లివాళ్లతో మాట్లాడే అలవాటు. బేరానికి ముందు శాంపిల్ ఆల్బం విప్పి ఒళ్లో పెట్టనిదే ఆయనకు మాట పెగలదు. నేను సేటుకు దండం పెట్టి గొంతు సవరించుకునేలోపే, ఆయన నా సంచీలోంచి కార్డులకట్ట తీసి, రబ్బరు బ్యాండు విప్పి సేటు చేతిలో పెట్టేశాడు. "సూడుండ్రి సేటూ, మా పోరడు మొత్తం గీసిండు!"

నోటితో చెబితే సేటుకు సగం కూడా అర్థమయ్యేది కాదు. బొమ్మలు కదా, చిన్నపిల్లలకైనా అర్థమవుతాయి. పేకముక్కలు తిప్పినట్టు తిప్పాడు. ట్యాంకు తలుపు దాటి, కాలిన పాదాల దగ్గర ఆగాడు.

"గీ కాలేంది గిట్లున్నది?"

"కాలింది," అన్నాను.

"ఎవలది?"

అడిగాడే గానీ ఆయనకు తెలుసు. ఆ కార్డును బల్ల మీద బోర్లించాడు. తర్వాతది కూడా. చెప్పుల వరుసను బోర్లించాడు. నచ్చనివన్నీ పక్కకు పోయాయి, పైకి లక్ష్మీగణపతులు చూపిస్తూ. చివరికి చేతిలో ఒక్కటి మిగిలింది, కాలకముందు అక్క పాదాలు వడ్లలో నడిచే షాటు. దాన్ని దూరంగా పట్టి చూసి, "ఇది మంచిగున్నది. లక్ష్మి నడిసొచ్చినట్టున్నది. మేం కొత్తగ సన్నబియ్యం సంచులు ఏస్తున్నం, కేబుల్ టీవీల అడ్వటైజు కావాలె. గిది తియ్యుండ్రి," అన్నాడు.

ఎద్దు పుండు కాకికి ముద్దు. నేను అక్కడే లేచి కార్డులేరుకున్నాను. ఆ ఒక్కటి మాత్రం సేటు చేతిలోనే ఉండిపోయింది. బయటికొచ్చాక అన్నను నేను అనరాని మాటలన్నాను. ఆయన పడ్డాడు. "నీ సినిమా ఎవడు సూస్తడు తమ్మీ? గిది ఊరంత సూస్తది," అని మాత్రం అన్నాడు. కెమెరా నాకు ఇవ్వలేదు. మూఢం వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు ఎడిటింగుకని నా బల్ల మీదికి ఒక క్యాసెట్ వచ్చింది. పెట్టి చూశాను. సిమెంటు కల్లం, వడ్లు. వాటిలో పసుపు పూసి, పారాణి దిద్ది, పట్టీలు పెట్టిన రెండు పాదాలు నడిచి వస్తున్నాయి. పెళ్లికూతురి కాళ్లను తీసినట్టే తీశాడు మా అన్న, ఆయనకు వచ్చిందదే. సన్నబియ్యం ప్రకటన, కాళ్ల కిందవి మాత్రం ఉప్పుడు వడ్లు. పాదాలెవరివో చూడగానే పోల్చుకున్నాను. వాటి ప్రతి వేలూ నేను గీసినదే. మచ్చల మీద పసుపు మందంగా, గోడకు సున్నం కొట్టినట్టు కొట్టారు.

అప్పుడే మిర్యాలగూడ బస్సెక్కాను. అక్క ఇంట్లో లేదు, మిల్లులో ఉందన్నారు. వెళ్లి చూస్తే షెడ్డులో పీట మీద కూర్చుని దబ్బనంతో బస్తాల మూతులు కుడుతోంది.

"ఆ సేటు అడగంగనే కాళ్లు సాపినవా?" అన్నాను. నా గొంతుకు పక్కవాళ్లు తలలు తిప్పారు.

"మెల్లగ మాట్లాడు. నిల్సోని చేసే పని నాతోని కాదని చెప్పిన. కూసుండి చేసే పనిచ్చిండు."

"కాల్చినోడే పసుపు పూసిండు. నీకు రోషం లేదా అక్కా?"

అక్క దబ్బనం ఆపి నా వైపు చూసింది. "నీ బొమ్మలు సూసినోళ్లు ఏమంటరు? అయ్యో అంటరు. అయ్యో అన్నోడు ఇంటికిరాయి కడ్తడా? నీకు రోషమున్నది, మంచిగనే ఉన్నది. నాకు పనున్నది. ఇగ పోరా."

ఆమె మీద కోపం వచ్చింది, ఆ కోపానికి హక్కు లేదని తెలిసి మరింత కోపం వచ్చింది.

మర్నాడు సేటు సూర్యాపేట వచ్చి నా వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక వీసీఆర్‌లో తీసిన క్యాసెట్, ఇంకోదాంట్లో ఖాళీ క్యాసెట్ పెట్టి, కావలసిన ముక్కలు ఎక్కించుకోవడమే అప్పట్లో మా ఎడిటింగ్. అక్క నడిచి వస్తోంది. వడ్లు రాసుకుని రాసుకుని పసుపు రాలిపోయింది. చివర్లో వెనక్కి తిరిగి కాలెత్తినప్పుడు మడమ పైన చర్మం ముడతపడి, గులాబీరంగులో మెరుస్తూ తెరంతా నిండింది. ఎవరూ ప్లాను చేయలేదు, ఎవరూ గీయలేదు. నేను తీయాలనుకున్న సినిమా మొత్తం ఆ ముక్కలో ఉంది.

"గా మచ్చ కనవడుతున్నది, తీసెయ్," అన్నాడు సేటు.

అన్న వైపు చూశాను. ఆయన గోడ మీది ఫొటోలు చూస్తున్నాడు. షెడ్డులో పీట మీద కూర్చున్న అక్క గుర్తొచ్చింది. రికార్డింగ్ ఆపి, ఆ ముక్కను ముందుకు దాటించి, బియ్యం సంచి కనిపించే చోట మళ్లీ బటన్ నొక్కాను.

సేటు నా భుజం తట్టాడు. "మంచి పనోనివి తమ్మీ," అన్నాడు.