తువ్వాల కింద ఐదు వేళ్లు

ఆ రోజుల్లో పాట వినాలంటే ఇంట్లో ఒక గోడ ఖాళీగా ఉండాలి. చెవిలో శనగగింజంత బుడిపె దూర్చుకుని, పక్కవాడికి తెలియకుండా తల ఊపుకునే కాలం కాదు అది. ఒక మనిషి పాట పెట్టాడంటే వీధంతా విన్నట్టే, వద్దనుకున్నవాళ్లు కూడా విన్నట్టే. ఇంట్లో స్పీకరు ఎంత పెద్దదైతే ఆ ఇంటి యజమానికి సంగీతం అంత తెలుసని లెక్క. రాయచూరులో అలా సంగీతం తెలిసిన ఇద్దరు పెద్దమనుషుల మధ్య నేను ఏడాది పాటు బతికాను. బతికానంటే, ఇద్దరికీ అబద్ధాలు చెప్పి బతికాను. (మీకు మాత్రం నిజమే చెబుతాను, మరీ అవసరమైన చోట తప్ప.)

మొదటి పెద్దమనిషి మా మేనమామ. గంజ్‌లో, అంటే మార్కెట్ యార్డులో, పత్తి దళారి. నేను డిగ్రీ పూర్తిచేసి (ఒక్క పేపరు మిగిలింది, దాన్ని ఎవరూ అడగలేదు) పవర్ ప్లాంటులో కాంట్రాక్టు టైపిస్టుగా చేరి, ఆయన ఇంట్లోనే తిని పడుకునేవాణ్ని. మామ దగ్గర వాల్వుల ఆంప్లిఫయరు ఉండేది. మూతపడిన టూరింగు టాకీసు నుంచి తెచ్చుకున్నది. ముందువైపు వరసగా నాలుగు గాజు బుడ్లు. స్విచ్చి వేశాక అవి ఎర్రబడేలోపు అత్త టీ పెట్టేది, మేం తాగేవాళ్లం, ఆమె గ్లాసులు కడిగి బోర్లించేది. దానికి జోడీగా బీరువా అంత టేకు డబ్బా, అందులో ఒకే ఒక్క స్పీకరు, పెళ్లి వంటల మూకుడంత వెడల్పు. వెనక చెక్క ఊడిన రోజుల్లో ఒక పిల్లి లోపల దూరి నలుగురు పిల్లల్ని కన్నది. ఆ కాన్పు తర్వాత డోలు మోత ఇంకా లోతుగా వస్తోందని మామ నమ్మకం. డబ్బా లోపల గోడలకు పత్తి దట్టించాడు. అల్లాటప్పా పత్తి కాదు, పొడుగు పింజ. ఇంటికి ఎవరొచ్చినా డబ్బా వెనక చెయ్యి పెట్టి, చిటికెడు పత్తి లాగి, రెండు బొటనవేళ్ల మధ్య సాగదీసి చూపించేవాడు.

"సూడు, పింజ సూడు. గిట్లాంటి పత్తి లోపలుంటే ఆవాజ్ గరుకుగ ఎట్లొస్తది?"

వచ్చినవాళ్లు పింజను మెచ్చుకుని వెళ్లిపోయేవాళ్లు. పాట సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. అలా చిటికెడు చిటికెడు చూపించగా, ఏటా ఒకసారి డబ్బాను మళ్లీ నింపవలసి వచ్చేది.

రెండో పెద్దమనిషి ప్లాంటులో మా సెక్షను ఇంజనీరు. మాన్వి వైపు కాలువ కింది క్యాంపులో పుట్టినవాడు. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వరి వేయడానికి వచ్చి, పొలంతో పాటు భాషకు కూడా గట్టు కట్టి కాపాడుకున్నారు. క్వార్టర్స్‌లో ఆయనకు విదేశీ ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయరు, బిస్కెట్టు రంగు గుడ్డ కప్పిన రెండు చిన్న స్పీకర్లు ఉండేవి. ఆంప్లిఫయరు ముఖాన రెండు ముళ్లు పాటకు తగ్గట్టు ఊగుతుంటే, ఆయన వాటినే చూస్తూ పాట బాగుందో లేదో చెప్పేవాడు. హాల్లో టేపుతో కొలిచి గచ్చు మీద సుద్దముక్కతో త్రికోణం గీసుకున్నాడు. రెండు కొసల్లో రెండు స్పీకర్లు, మూడో కొసన కుర్చీ. పాట వినబడేది ఆ కుర్చీలోనే. మిగతా ఇంట్లో వినబడేది వట్టి చప్పుడట. పాపం ఆయన భార్య ఎన్నేళ్లుగానో ఆ చప్పుడే వింటూ, గీత తొక్కకుండా చుట్టూ తిరిగి కాఫీ అందించేది. నన్నొకసారి కుర్చీలో కూర్చోబెట్టి, "తల అరంగుళం ఎడమకి జరుపవయ్యా" అన్నాడు. జరిపాను. "ఇప్పుడెలా ఉంది?" అన్నాడు. "స్వర్గం సార్" అన్నాను. అరంగుళం ముందు అడిగినా అదే చెప్పేవాణ్ని.

ఎందుకు చెప్పేవాణ్నంటే, నా కాంట్రాక్టు ఆరు నెలలకొకసారి ముగిసేది, మళ్లీ సాగాలంటే కాగితం మీద ఆయన సంతకం పడాలి. ఆ సంతకం కోసం పగలు క్వార్టర్స్‌లో, "మా మామ సెట్టా సార్, అది రేకు డబ్బాలో గులకరాళ్లు" అనేవాణ్ని. సాయంత్రం మామ ఇంట్లో రొట్టె తుంచుకుంటూ, "ఇంజనీరు సెట్టా మామా, దోమ పాడినట్టుంటుంది" అనేవాణ్ని. ఆ రోజు నాకు నెయ్యి ఎక్కువ పడేది. రెండు ఇళ్ల మధ్య ఇరవై కిలోమీటర్లు ఉన్నంత కాలం ఈ వ్యాపారం నిక్షేపంగా నడిచింది.

ఒక శుక్రవారం ఇంజనీరుకు పరుపులోకి పత్తి కావలసి వచ్చింది. "మీ మామయ్యగారు పత్తి మనిషేగా, పదవయ్యా" అని నన్ను స్కూటరు ఎక్కించుకుని తిన్నగా గంజ్‌కు వచ్చేశాడు. దారి పొడుగునా ఆ స్కూటరు టైరు పేలాలని దేవుళ్లకు మొక్కాను. సగం దారి దాటాక కూడా పేలలేదు. మామ, ఇంజనీరు ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరి కళ్లల్లోనూ ఒకటే జాలి. ఆ జాలి ఇద్దరికీ సరఫరా చేసింది నేనే.

"మీ సెట్టు గురించి మావాడు అన్నీ చెప్పాడండీ" అన్నాడు ఇంజనీరు, జబ్బు మనిషిని పలకరించినట్టు.

"మీ దాని గురించి గూడ అంత చెప్పిండు సాబ్" అన్నాడు మామ. "ఏం రంది పెట్టుకోకున్రి. చిన్నగున్నయి గూడ మెల్లమెల్లగ పెద్దగైతయి."

ఇంజనీరు ముఖంలో జాలి తగ్గి ఇంకేదో వచ్చింది. టీ తాగేలోపే నిర్ణయం అయిపోయింది. ఆదివారం గంజ్‌కు సెలవు, ఆ పొద్దున మామ ఇంట్లో రెండు సెట్లూ ఒకే రికార్డు మీద మోగాలి. ఏది మేలో తేల్చడానికి రెండూ విన్న మనిషి కావాలి. అలాంటి మనిషి జిల్లా మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఆ నెలాఖరుకే వాడి కాంట్రాక్టు కూడా ముగుస్తోంది.

ఆదివారం జీపులో స్పీకర్లు దుప్పట్లు కప్పుకుని దిగాయి. వాటి వెనక ఆంప్లిఫయరు, దాని వెనక ఒక బరువైన పెట్టె. "అదేంది సాబ్?" అన్నాడు మామ. స్టెబిలైజరు, కరెంటు హెచ్చుతగ్గులు సరిచేస్తుంది అన్నాడు ఇంజనీరు.

"కరెంటు పుట్టించెటోల్లు మీరే గద. మీ పిల్లనే మా ఇంటికొస్తే దానికి మందు డబ్బా ఎందుకు?"

"మేం పంపేటప్పుడు బాగానే ఉంటుందండీ. మీదాకా వచ్చేసరికి..."

"మాదాక ఎక్కడొస్తది? అది బెంగళూరు పోతది. మాకొచ్చేది బూడిద."

ఇంజనీరు టేపు తీసి హాలు కొలిచి, అత్త పొద్దున అలికి వేసిన ముగ్గు మీద త్రికోణం గీశాడు. అత్త వంటింటి గుమ్మంలో నిలబడి ఆ గీతను, మనిషిని ఒకసారి చూసి లోపలికి వెళ్లి పప్పు పొయ్యి మీద పెట్టింది.

సన్నాయి రికార్డు. ముందు ఇంజనీరు సెట్టు. ముళ్లు ఊగుతున్నాయి, స్టెబిలైజరు టకటకమంటోంది. సన్నాయి ఊదేవాడు మధ్యలో ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడింది. "విన్నారా, ఊపిరి" అన్నాడు ఇంజనీరు. "పాపం ఆయాసమున్నట్టుంది" అన్నాడు మామ. తర్వాత మామ సెట్టు. బుడ్లు ఎర్రబడేదాకా అందరం ఎదురుచూశాం. ఒకసారి మొదలయ్యాక డోలు దెబ్బకు అటక మీద ఇత్తడి సామాను తాళం వేసింది. సగంలో కరెంటు పోయింది. రికార్డు తిరగడం మందగించి, సన్నాయి బర్రెలా రంకె వేసి, బర్రె నీళ్లల్లోకి దిగినట్టు మెల్లగా మునిగిపోయింది. "సచ్చేటప్పుడు గూడ ఎంత సుకూన్‌గ సచ్చిందో సూడున్రి" అన్నాడు మామ తృప్తిగా. కాసేపటికి కరెంటు వచ్చింది, మిగతా సగం అయింది, ఇద్దరూ నావైపు తిరిగారు.

నిజంగా ఏది బాగుందని మీరు అడగవచ్చు. నాకు తెలియదు. రెండు సెట్లు మోగినంతసేపూ నేను చూసింది వాళ్ల ముఖాలనే. ఇంజనీరు ముఖంలో నా సంతకం, మామ ముఖంలో నా రొట్టె.

"రెండూ..." అని మొదలుపెట్టాను.

"రెండు ఒక్కటే అంటె గంజ్‌ల నడ్వది" అన్నాడు మామ. అంతలోనే ఆయన నన్ను కాపాడాడు. భుజం మీది తువ్వాల తీసి, "నోటితోటి చెప్తె ఒకరికి నొస్తది. చేతిల చెప్పు" అన్నాడు.

పత్తి బేరం పాత పద్ధతి అది. ధర నోటితో పలకరు. తువ్వాల కింద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, వేళ్లు నొక్కి చెబుతారు. చుట్టూ వందమంది నిలబడ్డా ఎవరికీ తెలియదు. యార్డులో బోర్డు పెట్టి మాన్పించినా, మామ లాంటి పాతకాలం వాళ్ల చేతులకు ఆ అలవాటు పోలేదు. నాకు తువ్వాల కింద దేవుడు కనిపించాడు. మామ చెయ్యి పట్టుకుని ఆయన సెట్టుకు ఐదు వేళ్లూ నొక్కాను, ఇంజనీరు సెట్టుకు రెండు. ఆయన ముఖం రాయిలా ఉంది, కానీ మీసం కొసలు లేచాయి. తర్వాత తువ్వాల ఇంజనీరు చేతి మీదికి మారింది. ఆయనకు పద్ధతి చెప్పి, ఆయన సెట్టుకు ఐదు వేళ్లు నొక్కాను, మామ సెట్టుకు రెండు. తువ్వాల మడిచి మామ భుజాన వేశాను. ఇద్దరూ గెలిచారు. ప్రపంచంలో ఇంత శాంతి ఇంకెక్కడైనా ఉందా అనిపించింది.

ఆ శాంతి నిమిషం కూడా నిలవలేదు. నా లెక్కలో ఒకటే తప్పు. వరి పండించే క్యాంపుల వాళ్లకు పత్తి బేరం తెలియదు. "ఏమీ అనుకోకండి మామయ్యగారూ" అన్నాడు ఇంజనీరు, గెలిచినవాడి మర్యాదతో. "కుర్రాడు మీ సెట్టుకి రెండే ఇచ్చాడు."

మామ నావైపు చూడలేదు. ఇంజనీరునే చూశాడు. "సాబ్, తువ్వాల కింది మాట బైట పెడ్తరా? మా గంజ్‌ల అట్ల చేసినోనికి మల్ల ఎవ్వడు చెయ్యియ్యడు."

"అంటే మీకు వేరే చెప్పాడా?"

"నేను చెప్ప. చెప్పొద్దు."

ఆయన ఆ పూట చచ్చినా చెప్పేవాడు కాదు. చెప్పింది అత్త. మాడు వాసనతో పాటు గుమ్మంలోకి వచ్చి, గరిటె చేత్తోనే అంది. "తువ్వాల కింద ఏమైందో నేను సూడలే. మీ ఇద్దరి మొఖాలు సూసిన. ఇద్దరు గెల్చినోల్ల లెక్కనే కూసున్నరు. ఇద్దరు ఎట్ల గెలుస్తరు పిల్లగా?"

నేను త్రికోణం గీతల్లో ఎక్కడ నిలబడితే కనబడకుండా ఉంటానో వెతుక్కున్నాను. "పోనీ మీరు చెప్పండమ్మా, ఏది బాగుంది?" అన్నాడు ఇంజనీరు, కోపం దాచుకుంటూ.

"సాకు, సాకు, ఇంక చాలు. రెండు మొత్తుకున్నంతసేపు పప్పు ఉడికేది ఇనబడలే, అడుగంటింది. మాడిన వాసన రెండిట్ల ఒక్కతీరే ఉంది."

ఆ మాడు పప్పే వేసుకుని ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. గులకరాళ్లు, దోమ అన్నీ ఆ పంక్తిలోనే బయటపడ్డాయి. నేనేం అన్నానో ఒకరికొకరు చెప్పుకుని, ముందు ఉడుక్కున్నారు, తర్వాత నవ్వుకున్నారు, చివరికి పొలమారి ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు. ఆ రోజు వాళ్లను కలిపింది సంగీతం అని ఎవరైనా అంటే నమ్మకండి. అన్నం తిన్నాక, ఊరికే చూద్దామని, మామ వాల్వుల ఆంప్లిఫయరుకు ఇంజనీరు చిన్న స్పీకర్లు తగిలించారు. సన్నాయి మొదలైంది. ఇద్దరూ నోరు మూసుకున్నారు. వాళ్లు నోరు మూసుకుని పాట వినడం నేను చూడటం అదే మొదలు. ఆ జోడీని నేనెప్పుడూ పొగడలేదు, అందుకే బాగుందేమో.

సోమవారం నా కాగితం మీద సంతకం పడలేదు. "నీ టైపింగులో తప్పుల్లేవయ్యా, నోట్లోనే ఉన్నాయి" అన్నాడు ఇంజనీరు. ముఖం వేలాడేసుకుని ఇంటికొస్తే మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఒకే పూట ఇద్దరికి ఐదేసి వేల్లిచ్చి ఇద్దర్ని ఖుష్ చేసినవ్. గిట్లాంటి దలాల్ గంజ్‌ల పదేండ్లకొక్కడు పుడ్తడు. రేపట్నుంచి నాతోటి రా" అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. దేవదుర్గ నుంచి వచ్చే బండ్ల పత్తి మధ్య ఆ పనిలోనే నా జుట్టు పత్తి రంగుకు తిరిగింది.

ఇంజనీరు బదిలీ అయినప్పుడు స్పీకర్లు మామకే వదిలి వెళ్లాడు, జోడీ విడదీయడం పాపమని. మామ పోయాక అన్నీ నా ఇంటికి చేరాయి. ఆ బుడ్లు, ఆ చిన్న స్పీకర్లు, పిల్లి కాన్పయిన ఆ బీరువా. దాని లోపల పత్తి నిండుగా ఉంది. చిటికెడు తీసి చూపించే మనిషే లేడు. మొన్న ఒక ఆదివారం పొద్దున తీరిక దొరికి, అదే సన్నాయిని ముందు చిన్న స్పీకర్లకు, తర్వాత బీరువాకు తగిలించి విన్నాను. ఇప్పుడు చూడటానికి ఏ ముఖమూ లేదు, సంతకమూ లేదు, రొట్టె నాదే. జీవితంలో మొదటిసారి చెవులతో విన్నాను. విన్నాక మామ తువ్వాల ఒళ్లో పరుచుకుని, దాని కింద నా కుడిచేత్తో నా ఎడమచెయ్యి పట్టుకుని, ఉన్నదున్నట్టు వేళ్లు నొక్కి చెప్పాను.

ఎన్ని వేళ్లో మీకు మాత్రం చెప్పను. తువ్వాల కింది మాట బయట పెట్టకూడదు.