తలుపు సందులో ఎడమ చెప్పు

మా చిన్నాయన చనిపోయాడన్న కబురు శుక్రవారం ఉదయం కువైట్‌లోని వఫ్రా నుంచి ఫోన్‌లో వచ్చింది. చేసింది అక్కడి తోటలో ఆయనతో ఒకే గదిలో ఉండే కోనసీమ మనిషి. "మీ బాబాయిగారు లేవట్లేదండి. ఒళ్లంతా చల్లబడిపోయిందండి. గదిలో బొగ్గుల కుంపటుందండి" అన్నాడు. తలుపు తెరిచి ఉందా, వేసి ఉందా అని అడిగాను. "వేసే ఉందండి" అన్నాడు.

చావు కబురు విన్నవాడు మొదట అడగాల్సిన ప్రశ్న అది కాదు. కానీ చిన్నాయన ఎనిమిదేళ్లుగా తలుపు పూర్తిగా వేసుకుని పడుకున్నది లేదు. ఆ సంగతి నాకు తెలుసు. నా పాఠకులకూ తెలుసు, ఒకప్పుడు నేనే రాశాను కనుక.

ఆయన మా నాన్నకు తమ్ముడు. రాయచోటి దగ్గర లారీ తోలేవాడు. కువైట్‌లో ఒక ఇంటికి డ్రైవర్‌గా వచ్చి ఇరవై ఏళ్లకు పైగా ఒకే కఫీల్ కింద, అంటే ఒకే యజమాని దగ్గర ఉన్నాడు. నేను ఒక తెలుగు పత్రిక గల్ఫ్ పేజీకి విలేకరిగా వచ్చిన రోజు విమానాశ్రయానికి దుప్పటి పట్టుకుని వచ్చాడు. అది జనవరి. "ఎడారంటే ఎండొక్కటే అనుకుంటివా? ఈడ సలికి కుక్కలు గూడా ఏడుస్తాయి, కప్పుకో" అన్నాడు. నన్ను సాల్మియాలో నా గది దగ్గర దింపాక మా నాన్నకు ఫోన్ చేసి, చేర్చానని చెప్పి వెళ్లిపోయాడు. ఆ దుప్పటి ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఎడారిలో దారి అడిగితే ఎదుటివాడు చూపించే వేలును కాదు, వాడి బండి వచ్చిన జాడను చూడమనేవాడు. విలేకరిగా నాకు పనికొచ్చిన పాఠాల్లో అది ఒకటి. నేర్పింది ఏడో తరగతి చదివిన మనిషి.

ఎనిమిదేళ్ల కిందట కఫీల్ ఒక పెద్ద క్యారవాన్ కొన్నాడు. పడకలు, వంటిల్లు, స్నానాల గది, ఏసీ ఉన్న బండి. చిన్నాయన దాన్ని "ఆయమ్మ" అనేవాడు. డీజిల్ అయిపోతే ఆయమ్మకు ఆకలైందనేవాడు. బయల్దేరే ముందు ఒక్కో టైరునూ అరచేత్తో తట్టి, ఆ చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాకే తాళం తిప్పేవాడు. చలికాలమంతా ఆ బండి ఎడారిలో గుడారాల పక్కన నిలిచేది. పిల్లల సెలవుల్లో మాత్రం సరిహద్దు దాటి, సౌదీలో వేడినీటి ఊటలున్న ఒక చిన్న ఊరికి వెళ్లేది. కఫీల్ తల్లికి మోకాళ్ల నొప్పులు. ఇంట్లో పనివాళ్లందరికీ ఆమె "మామా". ఆమెను చక్రాల కుర్చీలో కొలను గోడ దాకా తోసేది చిన్నాయన.

ఒక చలికాలం ఆ ఊరి మీద కథనం రాయడానికి నేనూ వెళ్లాను. ఒకటే వీధి. అటు ఖర్జూర తోటలు, ఇటు గోడలు కట్టిన కొలనులు. మధ్య మైదానంలో కువైట్ నంబరు ప్లేట్లున్న క్యారవాన్లు వరసగా ఆగి ఉన్నాయి. మా అన్న కొడుకు, పత్రికలో పని అని చిన్నాయన పరిచయం చేస్తే కఫీల్ తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఖర్జూరాలు పెట్టారు. మామా నా కాఫీ కప్పు మూడుసార్లు నింపించింది. ఇవన్నీ జరిగిన సంగతులే కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఆ కొలనుల్లో పనివాళ్లు మునగకూడదు. ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు. లోపల వాడిన నీళ్లు గోడ అడుగున కన్నం గుండా బయటి కాలువలోకి వస్తాయి. సాయంత్రం డ్రైవర్లు ఆ గట్టు మీద కూర్చుని కాళ్లు నానబెట్టుకుంటారు. చిన్నాయన ప్యాంటు మోకాళ్ల పైకి మడుచుకుని నన్నూ కూర్చోమన్నాడు. నీళ్ల మీద సబ్బు నురగ తేలుతోంది. నేను నిలబడే ఉన్నాను.

"పెద్దోళ్లు మునిగిన నీళ్లే గదరా" అన్నాడు. "మన దగ్గరికొచ్చేసరికి రోంత సల్లబడి ఉంటాయి, అంతే."

పక్కనున్న పాకిస్తానీ డ్రైవర్ ఏమన్నావని అడిగితే హిందీలో మళ్లీ చెప్పాడు. గట్టు పొడవునా నవ్వారు. అన్నేళ్లలో ఆయన మోకాళ్లకు దక్కిన వేడినీళ్లు అవే.

మరునాడు పొద్దున్నే ఫొటోగ్రాఫర్‌తో బండి దగ్గరికి వెళ్లాను. వెనక సామాన్లు పెట్టే అర తలుపు జానెడు తెరిచి ఉంది. సందులో ఒక రబ్బరు చెప్పు, ఎడమకాలిది. లోపల మడత కుర్చీలకూ బొగ్గు సంచులకూ మధ్య చిన్నాయన ముడుచుకుని పడుకున్నాడు. కాళ్ల దగ్గర ముందురోజు వాడిన కుంపటి. గాలికి నిప్పు ఎగురుతుందని దాన్ని లోపలే పెట్టమని ఇంటివాళ్ల మాట. ఆ తలుపుకు గడియ బయటవైపే ఉంది. పడిందంటే లోపలి మనిషి తీసుకోలేడు, ఆరని బొగ్గు గాలి నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇదేమిటని అడిగాను. చెప్పు లాగి కాలికి వేసుకుంటూ, "టీ తాగితివా?" అని అడిగాడు. ఆ అర గురించి ఆయన నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. అడిగినా చెప్పలేదు.

కథనం చివర ఒక పేరా ఆ అర గురించి రాశాను. పేరు లేదు, ముఖం లేదు. ఫొటోలో తలుపు, చెప్పు, బండి నీలం చార కొంచెం. ప్రతి వాక్యం సరిచూసుకున్నాను. తప్పు లేదు.

కఫీల్‌కు తెలుగు రాదు. ఫొటోకు తెలుగు అక్కర్లేదు. అది ఫోన్లలో తిరిగి ఆయన దివానియాకు, మగవాళ్లు సాయంత్రాలు కూర్చునే హాలుకు చేరింది. అక్కడ ఎవరో ఆ పేరాను అరబిక్‌లో చదివి వినిపించారట. "నా కాఫీ తాగినవాడికి నువ్వు ఈ మాటలు అందించావు" అని కఫీల్ చిన్నాయనతో అన్నాడట. కొట్టలేదు, జీతం ఆపలేదు. బండి తాళాలు తీసుకుని "ఖలాస్" అన్నాడు. ఇఖామా, అంటే నివాస కార్డు, ఇంటి డ్రైవర్‌దిగానే ఉంచి, మనిషిని మాత్రం వఫ్రాలోని తన తోటకు పంపాడు.

చిన్నాయన అక్కడినుంచి ఫోన్ చేసి నన్ను ఒకటే అడిగాడు.

"ఒక్కసారి కఫీల్ కాడికి పోయిరా నాయనా. మా చిన్నాయన నాకేం చెప్పలేదు, నేనే సూసి రాసినా అను. ఆ మాట సాలు. సలికాలానికి బండి నా చేతికొస్తాది."

అబద్ధం చెప్పమనలేదు. నేను రాయకుండా వదిలేసిన ఒక నిజాన్ని, అరగంట ప్రయాణం చేసి చెప్పి రమ్మన్నాడు. నేను వెళ్లలేదు. నిజం రాసినవాడు ఎవరికీ సంజాయిషీ ఇవ్వకూడదని మొదట చెప్పాను. తర్వాత రంజాన్ అన్నాను. ఆ తర్వాత కఫీల్ వేసవికి విదేశం వెళ్లాడన్నాను. అది నిజమే, వెళ్లాడు. శుక్రవారం శుక్రవారం చిన్నాయన ఫోన్ చేసేవాడు. కొన్నాళ్లకు ఆ మాట ఎత్తడం మానేసి, అన్నం తిన్నావా అని మాత్రం అడిగేవాడు.

వఫ్రాకు రెండుసార్లు వెళ్లాను. వేసవిలో టమాటా షెడ్లలో పని. తోటలో అందరూ ఆయన్ను "జరీదా" అని పిలుస్తున్నారు. అరబిక్‌లో వార్తాపత్రిక అని. ఈరోజు వార్తలేమిటి జరీదా అని గొర్రెలు కాసే మనిషి నా ఎదుటే అడిగాడు. చిన్నాయన వాతావరణం చెప్పి నవ్వించాడు. చలి మొదలయ్యాక వెళ్లినప్పుడు తన రేకుల గది చూపించాడు.

"ఈడ గడియ లోపలే ఉండాది సూడు. ఆడికంటే మెరుగే."

సందులో ఎడమ చెప్పు అక్కడా ఉంది. గడియ లోపలే ఉందిగా అంటే, బొగ్గుకు ఆ సంగతి తెలవదు గదా అన్నాడు. గదిలో ఉండే కోనసీమ మనిషి చలిగాలి వస్తోందని రోజూ గొణుగుతాడట, అయినా చిన్నాయన చెప్పు తీయనివ్వడు.

ఆయన పోయాక, శవాన్ని ఊరికి పంపే కాగితాల మీద సంతకం కోసం నేను మొదటిసారి దివానియాకు వెళ్లాను. కఫీల్ వెంటనే పెట్టాడు. ఖర్చంతా తనదే అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు, నటన అనిపించలేదు. అప్పుడు చెప్పాను, అర గురించి మా చిన్నాయన నాకేమీ చెప్పలేదని, నేనే చూసి రాశానని.

"ఆ మాట అతను అప్పుడే చెప్పాడు" అన్నాడు కఫీల్. "నువ్వు వచ్చి చెబుతావని కూడా అన్నాడు. రంజాన్ అయ్యేదాకా చూశాను."

కాఫీ తెప్పించాడు. తాగాను. తర్వాత నన్ను పెరట్లోకి తీసుకెళ్లి క్యారవాన్ చూపించాడు. వెనక అరకు ఇప్పుడు లోపల గడియ ఉంది, జాలీ వేసిన చిన్న కిటికీ ఉంది. కుంపటి పెట్టడానికి బయట ఇనుప పెట్టె చేయించారు. నీ పేపర్ చూశాకే పెట్టించానన్నాడు. కొత్త నేపాలీ డ్రైవర్ అద్దం తుడుస్తున్నాడు. నిద్ర బాగా పడుతోందా అని అడిగాను. బాగా పడుతోందన్నాడు.

అక్కడినుంచి చిన్నాయన సామాన్ల కోసం వఫ్రా వెళ్లాను. రెండు జతల బట్టలు, ఒక ఫ్లాస్కు, మోకాళ్లకు రాసుకునే మందు. కోనసీమ మనిషి వాటిని అట్టపెట్టెలో సర్దుతూ, ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"తలుపు వేసింది నేనేనండి" అన్నాడు. "లారీకి సరుకెక్కించాలని తెల్లారకుండానే లేచానండి. ఆయన జ్వరంతో వణికిపోతన్నారు. సందులోంచి గాలి కొడతంది. పడుకున్న మనిషిని లేపడమెందుకని చెప్పు తీసి, తలుపు దగ్గరకి లాగి వెళ్లానండి." పెట్టె పక్కకు జరిపి, "నాదేనాండి తప్పు?" అన్నాడు.

అప్పుడు టైమెంతయిందని అడిగాను. అలవాటు. నాలుగున్నర అయ్యుంటుందన్నాడు.

చెప్పులు గుమ్మం బయట జతగా పెట్టి ఉన్నాయి. ఆ తెల్లవారుజామున పెట్టింది అతనే. కుడిది మడమ దగ్గర అరిగింది. ఎడమదానికి నడిమధ్య అడ్డంగా తలుపు అంచు నొక్కీ నొక్కీ పడిన గాడి ఉంది, వేలు పట్టేంత లోతు. రెండూ పెట్టెలో వేయబోతుంటే అతను ఎడమది అడిగి తీసుకున్నాడు. గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని, గాడి సరిగ్గా అంచుకు వచ్చేలా సర్ది, తలుపును వదిలాడు. గాలికి అది వేగంగా వచ్చి, జానెడు దూరంలో ఆగింది.