గోడ మీద వేళ్ల నడక

యాభై మూడో ఏట నా కుడి భుజం బిగుసుకుపోయింది. అప్పటికి నేను భద్రాచలం దగ్గర అడవి అంచున ఒక చిన్న ఊళ్లో, రెండు గదుల బడిలో టీచరుగా ఉన్నాను. మొదట్లో మామూలు నొప్పే కదా అని మందు రాసి ఊరుకున్నాను. కొన్ని వారాలకు చెయ్యి భుజం కంటే పైకి లేవడం మానేసింది. నల్లబల్ల పై సగం ఖాళీగా ఉండిపోయేది. జడ వేసుకోలేక ఎడమచేత్తో ఎలాగో ముడి చుట్టుకునేదాన్ని. మధ్యాహ్నానికి అది జారి వీపు మీద పడేది.

బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఒక కోయ ఆవిడ. నాకంటే పదేళ్లు పెద్దదేమో. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది. నా ముడి జారితే చాలు, చేతులు కొంగుకు తుడుచుకొని వచ్చి, ఏమీ అడగకుండా బిగించి కట్టి వెళ్లేది. మా అమ్మ తర్వాత నా తల మీద అంత చనువుగా చెయ్యి వేసింది ఆమె ఒక్కతే.

ఖమ్మంలో దవాఖానాకు వెళ్తే, డాక్టరు చూసి, వ్యాయామాలు చేయించే అమ్మాయి దగ్గరికి పంపారు. ఆ అమ్మాయి నన్ను గోడకు ఎదురుగా నిలబెట్టి, వేళ్లతో గోడ మీద కొంచెం కొంచెంగా పైకి నడవమంది. నొప్పి మొదలైన చోట ఆగి పది లెక్కపెట్టాలి. బలవంతంగా లాగకూడదు. ఒక్కరోజు కూడా మానకూడదు. నెలలు పడుతుందని దాచకుండా చెప్పింది.

ఇంట్లో అయితే మానేస్తానని నాకు తెలుసు. అందుకే పిల్లలు అన్నాలు తిని ఆడుకునే వేళ, బడి వరండా గోడకే మొదలుపెట్టాను. మొదటిరోజు వేళ్లు ఎంతవరకు వెళ్లాయో అక్కడ సుద్దముక్కతో గీత గీశాను. అది నా గడ్డం ఎత్తు కూడా లేదు.

అక్క గిన్నెలు కడుగుతూ చూసింది.

"ఏంది టీచరమ్మా, వేళ్లను గట్ల గోడ ఎక్కిస్తున్నవ్?"

చెప్పాను. కడిగిన గిన్నె బోర్లించి, "నా మోకాళ్లకు గూడ గిట్లాంటిది ఏమన్న ఉంటదా?" అంది.

అప్పుడు గుర్తుకొచ్చింది, ఆమె నేల మీద కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదని. కూరగాయలు కూడా కిటికీ గట్టు మీద పెట్టుకొని నిలబడే తరిగేది. అది ఆమె అలవాటనుకున్నాను. నాకు సిగ్గేసింది.

తర్వాతి సెలవుకు ఆమెను నాతోపాటు ఖమ్మం బస్సెక్కించాను. ఆ అమ్మాయి ఆమె మోకాళ్లు వంచి, చాపి చూసి రెండు పనులు నేర్పింది. బల్ల మీద కూర్చొని కాలు తిన్నగా చాపి పది లెక్కపెట్టడం ఒకటి. చేతులు ఆనించకుండా బల్ల మీంచి లేవడం, మళ్లీ కూర్చోవడం రెండోది.

ఇక రోజూ వరండాలో ఇద్దరమూ. నేను గోడకు, ఆమె బల్ల మీద. లెక్క ఆమె వంతు, తన భాషలో. తన కాలు గాల్లో ఉన్నప్పుడు ఆ లెక్క జల్దీ అయిపోయేది. నా చెయ్యి గోడ మీద ఉన్నప్పుడు మాత్రం అంకెకూ అంకెకూ మధ్య పొయ్యి దాకా వెళ్లి వచ్చేది.

ఒకసారి నేను ఓపిక పట్టలేక చేతిని గట్టిగా లాగేశాను. మూడు రోజులు ఆ చెయ్యి కదపలేకపోయాను. అక్క పొయ్యి మీద నీళ్లు కాచి, బట్ట ముంచి పిండి భుజానికి కాపడం పెట్టింది. పెట్టినంతసేపూ తిట్టింది. నొప్పి ఉన్నకాడ ఆగమని నువ్వే చెప్పి నువ్వే గిట్ల చేస్తే ఎట్ల అని.

వానలు పోయి చలి వచ్చేసరికి గోడ మీద సుద్ద గీతలు నా తల దాటాయి. ఒకరోజు నల్లబల్ల పైఅంచున తారీఖు రాశాను. నా ముడి నేనే వేసుకొని వచ్చిన రోజు అక్క దాన్ని విప్పి మళ్లీ కట్టింది. వదులుగా ఉందట. ఏమీ లేదు, బిగుతుగానే ఉంది.

ఎండలు ముదిరాక ఒకరోజు ఆమె ఆలస్యంగా వచ్చింది. ఏమైందని అడిగితే, తెల్లారగట్ల అడవికి ఇప్పపువ్వు ఏరడానికి పోయానంది.

"రెండేండ్లయింది పోక. ఇయ్యాల పోయిన. కూసొని ఏరిన, మళ్ల లేచిన."

"నొప్పి లేదా అక్కా?"

"ఎందుకు లేదు, ఉంది. గానీ లేచిన."

ఆ మధ్యాహ్నం ఆమె కాళ్లు అలసిపోయి మామూలు కంటే తక్కువే చేశాం. బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆమె కొంగు మూట విప్పి గుప్పెడు పచ్చి పూలు నా చేతిలో పోసింది. అవి అంత తియ్యగా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.