పల్చటి గాస్కెట్

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కారుండేది. మాకు అదంటే ప్రాణం, దానికి మాత్రం మేమంటే బొత్తిగా గిట్టేది కాదు. అమీర్‌పేట సందుల్లో బుద్ధిగానే తిరిగేది. పంజాగుట్ట దాటి బంజారాహిల్స్ ఎత్తు ఎక్కాల్సి వచ్చేసరికి దగ్గేది, పొగ కక్కేది, నడిదారిలో నిలబడిపోయేది. అందరం దిగి నడిచేవాళ్లం. నాయనమ్మ కూడా కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, కారును తిట్టుకుంటూ నడిచేది. ఒకసారి ఎదురొచ్చిన పెళ్లివాళ్లు మమ్మల్ని చూసి పకపకా నవ్వారు. తాతకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే తుక్కు వ్యాపారికి కబురు పెట్టాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. వాకిట్లో నిలబెట్టిన ఆ కారు స్టీరింగ్ పట్టుకుని నేను ఎన్నిసార్లు ఢిల్లీ వెళ్లొచ్చానో! అప్పుడు అడ్డుపడింది మా చిన్నాయన. ఆయన సనత్‌నగర్‌లో ఒక కార్ఖానాలో పనిచేసేవాడు, ఇంజన్ అంటే చాలు అన్నం కూడా మరిచిపోయే మనిషి. "జర ఆగు నాయినా. ఇంజన్ మొత్తం విప్పి మళ్ల కడ్త. అందరం కూసున్నంక సుత గుట్ట ఎక్కకుంటె, నువ్వన్నట్లే అమ్మేద్దం" అన్నాడు. తాత ఆదివారం దాకా గడువిచ్చాడు.

ఆ వారమంతా మా ఇంట్లో పండగే. నాయనమ్మ బియ్యం చెరిగే చోట బోల్టులు, బట్టలారేసే తీగ మీద నూనె గుడ్డలు. నేను బడి వదలగానే ఒకటే పరుగు. చిన్నాయన సిలిండర్లను లోపల నున్నగా తొలిచే బోరింగ్ పని చేయించుకొచ్చాడు, వాటిలో సరిగ్గా పట్టి పైకీ కిందికీ ఆడే కొత్త పిస్టన్లు తెచ్చాడు. ఇక మిగిలింది హెడ్ గాస్కెట్. హెడ్ అంటే ఇంజన్‌కు మూత. ఆ మూతకూ కింద ఉండే సిలిండర్లకూ మధ్య పరిచే రేకే గాస్కెట్. అది ఎంత పల్చనైతే, పిస్టన్ పైకొచ్చినప్పుడు లోపలి పెట్రోలు ఆవిరి అంత గట్టిగా నలుగుతుంది, ఇంజన్‌కు అంత బలం వస్తుంది. పంజాగుట్ట కొట్టు నుంచి మూడు రకాలు తెచ్చి నా ముందు పరిచాడు. ఒకటి మందం, ఒకటి పల్చన, ఒకటి అచ్చం ఉల్లిపొర. ఏది వేద్దామో నన్నే చెప్పమన్నాడు.

అది కూడా అడగాలా? ఉల్లిపొర మీద చెయ్యి వేసేశాను. మనకు గుట్ట ఎక్కడం కావాలి గానీ మిగతావన్నీ ఎందుకు?

చిన్నాయన వద్దనలేదు. ఒక్క పిస్టన్ మాత్రం బిగించి, నాయనమ్మ దగ్గర ఇంత చపాతీ పిండి తెమ్మన్నాడు. ఆ ముద్దకు నూనె రాసి పిస్టన్ నెత్తిన పెట్టి, నేను ఎంచిన గాస్కెట్ పరిచి, మూత బిగించి, ఇంజన్ తిప్పే హ్యాండిల్ నా చేతికిచ్చాడు. రెండు చేతులా తిప్పాను. పిస్టన్ పైకెళ్లి కిందికొచ్చింది, ఎక్కడా తగల్లేదు. మూత విప్పి చూస్తే పిండి కాగితంలా అణిగింది, కానీ ఎక్కడా చిరగలేదు. అంటే మధ్యన ఇంకా సందుందన్నమాట! సరిపోయింది, సరిపోయిందని వాకిలంతా గంతులేశాను.

సరిపోయిందని ఆయనా ఒప్పుకున్నాడు. ఇంకా బిగించని పిస్టన్ ఒకటి నా చేతికిచ్చి పక్క సిలిండర్‌లోకి దింపమన్నాడు. సునాయాసంగా జారిపోయింది. అదీ సరిపోయింది. వెంటనే దాన్ని బయటికి తీసి, వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద మరుగుతున్న నీళ్ల గిన్నెలో పడేశాడు.

"అది పప్పు గిన్నె రా! ఇగ దాంట్ల ఏం వండాలె?" అని నాయనమ్మ లబలబలాడింది.

కాసేపటికి పిస్టన్‌ను గుడ్డతో పట్టుకొచ్చి చల్లగా ఉన్న అదే సిలిండర్ మీద మళ్లీ పెట్టాడు. దిగలేదు! అంగుళం కూడా కదలకుండా మూతి దగ్గరే మొండికేసింది. చూస్తే అదే పిస్టన్, ఎక్కడా వెంట్రుకవాసి మారినట్టు లేదు. నేను సుత్తి అందుకోబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"కొట్టకు బిడ్డా, గీసుకపోతది. వేడెక్కితే పక్కలకు, పైకి సుత ఉబ్బుతది మరి. గిది ఒట్టి నీళ్ల వేడి. గుట్ట ఎక్కేటప్పుడు లోపల మంటనే ఉంటది. అప్పుడు నీ ఉల్లిపొర సందు ఏమైతది?"

ఏమవుతుందో నాకు తెలిసిపోయింది. పిస్టన్ వెళ్లి మూతకు గుద్దుకుంటుంది, ఇంజన్ ముక్కలవుతుంది, కారు తుక్కుకు పోతుంది. చల్లారాక ఆ పిస్టన్ మళ్లీ మంచిపిల్లలా జారింది. నేను ఉల్లిపొరను పక్కకు నెట్టి, రెండోదాన్ని ఆయన చేతిలో పెట్టాను. అదీ పల్చనిదే, కాకపోతే వేడికి కాస్త చోటు వదిలే పల్చన. ఆయన మొదటి నుంచీ దాన్నే అనుకున్నాడేమో. చెబితే నేను వినేదాన్ని కాదని కూడా ఆయనకు తెలుసు.

ఆదివారం పొద్దున తుక్కు వ్యాపారి గేటు దగ్గరే కాచుక్కూర్చున్నాడు. మేమంతా కిక్కిరిసి ఎక్కి బయల్దేరాం. పంజాగుట్ట దాటింది, ఎత్తు మొదలైంది. ఎప్పుడూ ఆగిపోయే మలుపు రాగానే నాయనమ్మ అలవాటుగా కాలితో చెప్పులు వెతుక్కుంది. కారు ఆగలేదు! ఇంజన్ వేడికి బుసలు కొడుతోంది, నేను మాత్రం లోపల ఎక్కడైనా టక్కుమంటుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు. పైకి చేరాక నేను పెట్టిన కేక బేగంపేట విమానాశ్రయం దాకా వినిపించి ఉంటుంది. తాత మెచ్చుకోలేదు. "ఇంకోసారి ఎక్కియ్యిరా" అన్నాడంతే.

ఆనాటి నుంచి ఏదైనా అతికినట్టు సరిపోయిందని ఎవరైనా అంటే నాకు సంబరంతో పాటు ఒక ప్రశ్న కూడా పుడుతుంది. మొన్న మా మనవరాలు వెలిగిపోతున్న మొహంతో వచ్చి, తనకు నచ్చిన అబ్బాయి సంగతి చెప్పింది. ఇష్టాలు కలిశాయట, మాటలు కలిశాయట, అన్నీ సరిపోయాయట. దాని ఆనందం చూసి నాకూ గంతులేయాలనిపించింది. మోకాళ్లు సహకరించక కూర్చునే అడిగాను, ఎప్పుడైనా పోట్లాడుకున్నారా అని.

"ఛ, ఒక్కసారి కూడా లేదు అమ్మమ్మా!"

"అయితే జర ఆగు బిడ్డా. ఒక్కసారి గట్టిగా కొట్లాడి రా, అప్పుడు చెప్పు."